గాలి స్ప్రింగులో నీటిబొట్టు

1957లో అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ అనే ఖరీదైన కారును విడుదల చేసింది. దానికి ఇనుప స్ప్రింగులు లేవు. నాలుగు చక్రాల దగ్గరా రబ్బరు గదుల్లో బిగించి పట్టిన గాలే కారు బరువును మోసేది. మరుసటి ఏడాది, అంటే 1958 మోడళ్ళలో, అదే సంస్థకు చెందిన షెవ్రొలే, పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్ కార్లకు కూడా అదనపు డబ్బు కడితే ఈ సౌకర్యం దొరికింది. గతుకుల మీద కూడా కుదుపు తెలియని ప్రయాణం, ఎంతమంది ఎక్కినా ఒకే ఎత్తులో నిలిచే కారు. ఎవరికి మాత్రం ఆశ ఉండదు?

తర్వాత చలికాలం వచ్చింది. రాత్రి ఆరుబయట వదిలిన కారు తెల్లవారేసరికి ఒక పక్కకు ఒరిగి, లేదా ముందు చక్రాల మీద మోకరిల్లి కనిపించేది. గాలి కారిపోవడం, కవాటాలు మంచుపట్టి బిగుసుకుపోవడం అనే రెండు ఫిర్యాదులూ కలిసి వచ్చాయి. చాలామంది యజమానులు విసిగిపోయి రబ్బరు గదులు తీయించి, మామూలు ఇనుప చుట్ట స్ప్రింగులు వేయించుకున్నారు. రెండు మూడేళ్ళలో కంపెనీలు కూడా చేతులెత్తేశాయి. నాలుగు చక్రాలకూ గాలి స్ప్రింగులున్న అమెరికన్ కారు మళ్ళీ కనిపించడానికి 1984లో లింకన్ కార్లు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది.

అంత పెద్ద సంస్థను చిక్కుల్లో పెట్టిన వస్తువుల్లో ఒకటి మంచినీళ్ళ బొట్టు. అది లోపలికి ఎలా వెళ్ళింది? గాలి తప్ప మరేమీ ప్రవేశించని చోట నీళ్ళెక్కడివి? ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రం చదివినవారు కాగితం, పెన్సిలు తీసుకుంటే ఈ చిక్కుముడిని తామే విప్పుకోవచ్చు.

కొలిమితిత్తి వంటి స్ప్రింగు

గాలి స్ప్రింగు అంటే గట్టి దారాలు పొదిగిన రబ్బరు తిత్తి. కమ్మరి కొలిమితిత్తిని తలచుకోండి; దాని మూతి మూసేసి పైన బరువు పెడితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. బరువు పడితే లోపలి గాలి నలుగుతుంది, పీడనం పెరుగుతుంది, తిరిగి పైకి నెడుతుంది. కారులో మరో నలుగురు ఎక్కితే తిత్తి కాస్త కుంగుతుంది. అప్పుడు ఎత్తును కొలిచే పరికరం కబురు పంపుతుంది. చిన్న మోటారుతో నడిచే కంప్రెసర్ బయటి గాలిని పీల్చి, నలిపి, సన్నని గొట్టాల ద్వారా తిత్తుల్లోకి పంపుతుంది. ఎక్కినవారు దిగిపోతే ఎక్కువైన గాలిని ఒక వాల్వు బయటికి వదులుతుంది. వోల్వో బస్సు స్టాండులో ఆగినప్పుడు 'తుస్సు'మని వినిపించే చప్పుళ్ళలో ఇదొకటి. (మరొకటి బ్రేకులది. దాని సంగతి తర్వాత.)

కార్ల తిత్తుల్లో పీడనం వాతావరణ పీడనానికి అటూ ఇటూగా ఐదు నుంచి పది రెట్లు ఉంటుంది. గాలి నిల్వచేసే ట్యాంకు ఉంటే అందులో ఇంకా ఎక్కువ. లెక్కల సౌకర్యం కోసం మనం పది రెట్లు అనుకుందాం.

నలిపితే నీరు కారే గాలి

గాలిలో నీటి ఆవిరి ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత ఉండగలదన్నది ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. ఒక ఘనమీటరు చోటులో 30 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 20 డిగ్రీల వద్ద 17.3 గ్రాములు. 10 డిగ్రీల వద్ద 9.4. సున్నా దగ్గర 4.8. మైనస్ 20 దగ్గర ఒక గ్రాము అటూ ఇటూ. అంతకు మించిన ఆవిరి నీరుగానో మంచుగానో మారిపోవలసిందే.

ఇక్కడ విద్యార్థులు తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది. ఈ అంకెలు చోటుకు సంబంధించినవి. ఆ చోటులో ఎంత గాలి కుక్కారన్న దానితో వీటికి దాదాపు సంబంధం లేదు. ఒక ఘనమీటరు చోటులో మామూలు గాలి ఉన్నా, పది రెట్లు నలిపిన గాలి ఉన్నా 20 డిగ్రీల వద్ద అందులో పట్టే ఆవిరి అదే 17.3 గ్రాములు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 50 శాతం ఉన్న హాయైన రోజు. ఒక ఘనమీటరు గాలిలో 8.65 గ్రాముల ఆవిరి ఉంటుంది. దాన్ని పది రెట్లు నలిపి 100 లీటర్ల చోటులోకి కుదించాం. తిరిగి 20 డిగ్రీలకు చల్లారాక ఆ 100 లీటర్లలో పట్టేది 1.73 గ్రాములే. మిగిలిన 6.9 గ్రాములు నీరై కారవలసిందే. వాన లేదు, తడి లేదు. పొడిగా అనిపించే గాలినుంచే ఒకటిన్నర చెంచాల నీళ్ళు పిండామన్నమాట.

దీన్నే మరో రకంగా చెప్పవచ్చు. ఆ గాలిని అలాగే ఉంచి చల్లబరిస్తే 9 డిగ్రీల దగ్గర మంచుబిందువులు కడతాయి. మన పాఠ్యపుస్తకాలు దాన్ని తుషారస్థానం అంటాయి. పది రెట్లు నలిపాక అదే గాలి తుషారస్థానం సుమారు 49 డిగ్రీలకు ఎగబాకుతుంది! అనువాదాలు చేసేటప్పుడు నన్ను ఈ మాట ఎప్పుడూ కాస్త ఇబ్బంది పెడుతుంది. తుషారం అనగానే చలి గుర్తొస్తుంది, 49 డిగ్రీల తుషారం అంటే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు. కాని మాట మాటే, అంకె అంకే. రెండూ సరైనవే.

మరి కంప్రెసర్‌లోనే నీరు ఎందుకు చేరదు? సైకిలుకు గాలి కొట్టినవారికి తెలుసు, పంపు అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. గాలిని వేగంగా నలిపితే ఆ పనంతా వేడిగా మారుతుంది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి అందుకే చాలా వేడిగా ఉండి తన ఆవిరిని తనలోనే దాచుకోగలుగుతుంది. చల్లని గొట్టంలోకి, వాల్వులోకి, ట్యాంకులోకి చేరాకే దాని గుట్టు బయటపడుతుంది. అంటే నీరు పుట్టేది ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ.

ఆవగింజంత మంచు

నీరుగా ఉన్నంతకాలం అది పెద్దగా బాధించదు. మెల్లగా తుప్పు పట్టిస్తుంది, అంతే. బయట ఉష్ణోగ్రత సున్నా దాటి కిందికి దిగినప్పుడు అసలు కథ మొదలవుతుంది. గాలి దారి మూసి తెరిచే వాల్వుల్లో రంధ్రాలు చాలా చిన్నవి. విద్యుదయస్కాంతం లాగే సన్నని మేకు ఒకటి ఆ రంధ్రం మీద కూర్చుని, అవసరమైనప్పుడు లేస్తుంది. అక్కడ ఆవగింజంత మంచు పలుకు చాలు. మేకు లేవకపోతే తిత్తిలోకి గాలి వెళ్ళదు, కారు లేవదు. లేచిన మేకు మళ్ళీ కూర్చోలేకపోతే గాలి నిలవదు, కారు కుంగుతుంది. గాలిని బయటికి వదిలే వాల్వు బిగుసుకుంటే ఎత్తైన కారు దిగనే దిగదు.

ఇరుకైన రంధ్రంలోంచి గాలి దూసుకుపోయేటప్పుడు అక్కడ అది ఇంకొంత చల్లబడుతుంది. ట్యాంకులోంచి గాలిని గబగబా వాడుకుంటే లోపల మిగిలిన గాలి వ్యాకోచించి అది కూడా చల్లబడుతుంది. కాబట్టి బయట రెండు మూడు డిగ్రీలున్నా లోపల మంచు పట్టే అవకాశం ఉంది. కాని అసలు దోషి బయటి చలే, ఇవి దానికి తోడు మాత్రమే.

చలి మరో పని కూడా చేస్తుంది. సాయంత్రం 20 డిగ్రీలున్న షెడ్డులోంచి తీసి బయట పెట్టిన కారు తెల్లవారేసరికి మైనస్ 15కు చేరిందనుకోండి. పరమ ఉష్ణోగ్రత 293 నుంచి 258కి పడింది. టైరులో అయితే పీడనం తగ్గుతుంది అంటాం. గాలి స్ప్రింగులో అలా కాదు. మోయవలసిన బరువు మారలేదు కాబట్టి పీడనం మారడానికి వీల్లేదు, ఘనపరిమాణమే తగ్గాలి. చార్లెస్ నియమం ప్రకారం 12 శాతం. తిత్తిలో గాలి ఎత్తు 20 సెంటీమీటర్లుంటే ఒక్క రంధ్రమూ లేకుండానే కారు రెండున్నర సెంటీమీటర్ల దాకా కుంగుతుంది. ఇంజను తాళం తిప్పగానే ఎత్తు కొలిచే పరికరం ఇది గమనించి కంప్రెసర్‌ను లేపుతుంది. అంటే వాల్వులన్నీ గడ్డకట్టి ఉండే వేళకే వాటికి పని పడుతుంది.

పెనుగులాడి పెనుగులాడి కంప్రెసర్ వేడెక్కి ఆగిపోతుంది. డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. యజమాని ఎలాగో మెకానిక్ దగ్గరకు చేరేసరికి ఎండ ఎక్కుతుంది. మంచు కరుగుతుంది. కారు బుద్ధిగా లేచి నిలబడుతుంది. ఏ లోపమూ కనిపించదు! చలి దేశాల్లో ఈ జబ్బు కనిపెట్టడం కష్టం కావడానికి ముఖ్యకారణం ఇదే.

తడి పీల్చే పలుకులు

కొత్త బూట్ల పెట్టెలో, మందుల సీసాలో చిన్న పొట్లాం ఒకటి ఉంటుంది. అందులోని పలుకులు సిలికా జెల్. ఒక గ్రాము సిలికా జెల్ లోపలి సూక్ష్మరంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే కొన్ని వందల చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది. నీటి అణువులు ఆ గోడలకు అంటుకుంటాయి. దీన్ని అధిశోషణం అంటారు. స్పాంజి నీటిని పీల్చినట్లు కాదు. గోడకు ఈగలు అంటుకున్నట్లు. జియోలైట్లు అనే స్ఫటికాలు కూడా ఇదే పని ఇంకా గట్టిగా చేస్తాయి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిని ఇలాంటి పలుకులు నింపిన డబ్బాలోంచి పంపితే తడి అక్కడే ఆగిపోతుంది. ఈ డబ్బాను డ్రయర్ అంటారు.

మైనస్ 20 డిగ్రీల రాత్రి కూడా పది రెట్లు నలిపిన గాలిలో మంచు కట్టకూడదంటే, పీల్చిన ప్రతి ఘనమీటరు గాలిలో 0.1 గ్రాముకన్నా తక్కువ ఆవిరి మిగలాలి. మన హాయైన రోజున ఉన్నది 8.65 గ్రాములు. ఎనభై పైచిలుకు వంతుల్లో ఒక వంతు మాత్రమే మిగల్చాలన్నమాట. మంచి డ్రయర్ ఇది చేయగలదు. కాని ఎన్నాళ్ళు? పొట్లాం నిండిపోదా?

ఇక్కడే నాకు బాగా నచ్చిన తెలివి ఉంది. కారును దించేటప్పుడు తిత్తిలోని గాలిని నేరుగా బయటికి వదలరు. వచ్చిన దారినే, అదే డ్రయర్‌లోంచి వెనక్కి పంపుతారు. పది రెట్లు నలిగి ఉన్న 10 లీటర్ల గాలి బయటికి వస్తూ 100 లీటర్లవుతుంది. అది ఎండిన గాలి, పైగా విశాలమైన గాలి. 20 డిగ్రీల వద్ద ఆ 100 లీటర్లు 1.73 గ్రాముల ఆవిరిని మోయగలవు. లోపలికి వచ్చినప్పుడు తెచ్చింది 0.87 గ్రాములే. తెచ్చినదానికి రెట్టింపు మోసుకుపోయే శక్తి ఉందన్నమాట! డ్రయర్‌ను తీసి ఎండబెట్టకుండానే ప్రతిసారీ అది ఆరిపోతుంది. వేడి అక్కర్లేకుండా, పీడనం మార్పుతోనే తడి ఆరబెట్టే ఈ పద్ధతికి చార్ల్స్ స్కార్‌స్ట్రమ్ అనే ఇంజనీరు 1960లో అమెరికాలో పేటెంట్ పొందాడు. 1958 నాటి కార్లకు ఈ భాగ్యం లేదు.

మరి ఈనాటి కార్లు కూడా చలికి ఎందుకు మొరాయిస్తున్నాయి? చిన్న చిల్లు వల్ల.

ఏళ్ళు గడిచేకొద్దీ తిత్తి రబ్బరు మడతల దగ్గర పగుళ్ళు బారుతుంది. చలికి రబ్బరు బిరుసెక్కి పగుళ్ళు ఇంకాస్త నోరు తెరుస్తాయి. గాలి కొద్దికొద్దిగా కారుతుంది. పోతే పోయింది, కంప్రెసర్ మళ్ళీ నింపుతుంది కదా అనుకుంటాం. కాని చిల్లులోంచి పోయిన గాలి డ్రయర్‌లోంచి వెనక్కి వెళ్ళలేదు. తడిని డ్రయర్‌లో దించింది, తిరిగి మోసుకుపోలేదు! రాబడే తప్ప ఖర్చులేని ఖాతా అది.

మన లెక్కనే కొనసాగిద్దాం. డ్రయర్‌లో 150 గ్రాముల సిలికా జెల్ ఉందని, తన బరువులో 30 శాతం, అంటే 45 గ్రాముల నీటిని పట్టగలదని అనుకుందాం. చిల్లు వల్ల రోజుకు 100 లీటర్ల బయటి గాలిని అదనంగా పీల్చవలసి వస్తే రోజుకు 0.87 గ్రాముల తడి చేరుతుంది. 52 రోజుల్లో డ్రయర్ నిండిపోతుంది. అదే 28 డిగ్రీలు, 85 శాతం ఆర్ద్రత ఉండే మన కోస్తా వానాకాలంలో అయితే రోజుకు 2.3 గ్రాములు, ఇరవై రోజులకే సరి. ఆ తర్వాత డ్రయర్ ఉన్నా లేనట్టే. నీళ్ళు నేరుగా వాల్వుల్లోకి వెళ్తాయి.

అందుకే జనవరిలో గడ్డకట్టే నీరు చాలావరకు జనవరిలో వచ్చింది కాదు. గడ్డకట్టే చలిలో గాలి మహా పొడిగా ఉంటుంది, తెచ్చేదేమీ ఉండదు. అది వేసవిలో, శరత్కాలపు వానల్లో చేరి మూలన కూర్చున్న నీరు. మొదటి గట్టి చలి పడినరోజున బయటపడుతుంది.

మన లారీల సంగతి

మన తెలుగునాట సున్నా డిగ్రీలు ఎక్కడ? కారు స్ప్రింగు గడ్డకట్టే భయం మనకు లేదు. కాని ఇదే గాలి, ఇదే నీరు మన రోడ్ల మీద తిరిగే ప్రతి పెద్ద లారీలోనూ ఉంది. బ్రేకులు గాలితో పనిచేస్తాయి కాబట్టి.

ఒక ఆగస్టులో విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రీ ఒకరు లారీ కిందికి దూరి గాలి ట్యాంకు అడుగున ఉన్న కాక్ తిప్పారు. తుస్సుమని గాలి, దాని వెంట పాలు విరిగినట్టున్న నీళ్ళు. కంప్రెసర్ నూనె కలవడం వల్ల ఆ రంగు. నాకైతే ఒక గ్లాసుడు ఉంటాయనిపించింది.

"రోజూ తియ్యాలండీ ఇవి," అన్నారాయన చేతులు తుడుచుకుంటూ. "మనవాళ్ళు తియ్యరు. ఇక్కడైతే నీళ్ళే కాబట్టి చెల్లిపోతది. ఆపిళ్ళ లోడుకి కాశ్మీరం పోయినోడికి అదే రాయైపోద్ది."

"అప్పుడేం చేస్తారు?"

"ఏం చేస్తాడండీ, ఎండొచ్చేదాకా టీ తాగుతా కూర్చుంటాడు. తొందరపడి కదిలిచ్చినోడే కంగారు."

ఆ చివరి మాటలో చాలా ఉంది. కారు స్ప్రింగులో మంచు పడితే కారు కుంగుతుంది, ప్రయాణం ఆలస్యమవుతుంది. లారీ బ్రేకు గొట్టంలో పడితే ఘాటు రోడ్డు దిగుతుండగా పెడల్ నొక్కినా చక్రానికి గాలి చేరకపోవచ్చు. చేరిన గాలి వెనక్కి రాక బ్రేకు పట్టేసి ఉండవచ్చు. ఈనాటి చాలా లారీల్లో ట్యాంకు గాలి పూర్తిగా పోతే స్ప్రింగు బలంతో బ్రేకు దానంతటదే పడే ఏర్పాటు ఉంది. మంచి ఏర్పాటే. కాని ట్యాంకు నిండా గాలి ఉండి దారిలో మంచు అడ్డుపడిన సందర్భానికి అది జవాబు కాదు. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. అంత పలుచని గాలిని అదే పీడనానికి నలపడానికి కంప్రెసర్ ఎక్కువసేపు తిరగాలి. గాలిలో తడి తక్కువే, నిజమే. కాని మైదానంలో చేరిన నీటిని ట్యాంకులో వేసుకుని కొండెక్కిన లారీకి ఆ పొడి గాలి ఏమీ సాయం చేయదు.

పూర్వం చలిదేశాల లారీల్లో గాలి దారిలో కాస్త ఆల్కహాలు ఆవిరిని కలిపేవారు. నీటితో కలిసి అది గడ్డకట్టే ఉష్ణోగ్రతను దించుతుంది. డ్రయర్లు వచ్చాక ఆ పద్ధతి వెనకబడింది. ఇప్పటికీ కొందరు గొట్టాల్లో మిథైల్ ఆల్కహాలు పోస్తారు. నా అభిప్రాయంలో ఇది చెయ్యదగిన పని కాదు. అది విషం; కొన్ని రకాల రబ్బరు సీళ్ళను ఉబ్బించి పాడుచేస్తుంది; తడిని కరిగిస్తుందే తప్ప తీసెయ్యదు. గడ్డకట్టిన వాల్వు మీద మరిగే నీళ్ళు పొయ్యడం అంతకన్నా తెలివితక్కువ. కాసేపట్లో ఆ నీళ్ళూ గడ్డకడతాయి. వెచ్చని షెడ్డులో కొన్ని గంటలుంచడమే మేలు. అప్పటిదాకా కంప్రెసర్‌ను పదేపదే తిప్పకూడదు, మోటారు కాలిపోతుంది. కుంగిన కారును తోలితే మడతపడిన రబ్బరు తిత్తి నలిగి చిరుగుతుంది.

తర్వాత చేయవలసిన పనికి వరస ముఖ్యం. చాలాచోట్ల కంప్రెసర్ కాలిపోయిందని కొత్తది వేసి పంపేస్తారు. తడిసిన డ్రయర్ అలాగే ఉంటే, చిల్లు అలాగే ఉంటే, కొత్త కంప్రెసర్ గతీ అంతే. ముందు సబ్బునీళ్ళు రాసి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడాలి. సైకిలు షాపులో ట్యూబు పంక్చరు వెతికినట్టే. చిల్లు పూడ్చాక డ్రయర్ మార్చాలి. గొట్టాలు, ట్యాంకు పొడిగాలితో ఊది ఆరబెట్టాలి. ఆపైనే కంప్రెసర్.

ఇంత తంటా లేకుండా బయటి గాలినే లోపలికి రానివ్వకపోతే? 1955లో ఫ్రాన్స్‌లో సిట్రొయెన్ సంస్థ డి.ఎస్. అనే కారులో సరిగ్గా అదే చేసింది. ఉక్కు గోళాల్లో నైట్రోజన్‌ను శాశ్వతంగా బంధించి, కారు ఎత్తును నూనెతో మార్చింది. తడికి చోటే లేదు. కాని నూనె గొట్టాలు, పంపులు, వాటి లీకులు వేరే తలనొప్పి. ఇటీవలి కొన్ని కార్లలో మరో మార్గం పట్టారు. తిత్తుల్లోంచి తీసిన గాలిని బయటికి వదలకుండా ట్యాంకులోకే పంపి, అవసరమైనప్పుడు దాన్నే మళ్ళీ వాడతారు. ఒకసారి ఆరబెట్టిన గాలే అటూ ఇటూ తిరుగుతుంది. బయటి గాలిని పీల్చే అవసరం ఎప్పుడో గాని రాదు. కంప్రెసర్‌కు శ్రమ కూడా తక్కువ, ఎందుకంటే అది మొదలుపెట్టేదే కొంత నలిగిన గాలితో. ఆ పద్ధతిలో కూడా తిత్తికి చిల్లు పడితే కొరత పూడ్చడానికి బయటి గాలినే పీల్చాలి. అప్పుడు మళ్ళీ 0.87 గ్రాముల లెక్క మొదటికి వస్తుంది.